వాటర్ గన్ ఆటలో "తగిలింది, తగల్లేదు" తగాదాలు: సమస్య, కారణం, పరిష్కారం

ఏప్రిల్ వచ్చిందంటే బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పిల్లలకు సెలవులు, పెద్దవాళ్లకు పంచాయితీలు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ కాంప్లెక్స్ చూసినా అరడజను మంది తెలుగు పిల్లలు ఉంటారు కాబట్టి పోట్లాట కూడా మన భాషలోనే మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు ఇవీ.

సమస్య: "అంకుల్, వాడికి తగిలింది, ఒప్పుకోవట్లేదు!"

ముందే తొండి అని తేల్చేయకండి. చాలాసార్లు తప్పు బట్టలది. పాలియెస్టర్ ఆర్‌సీబీ జెర్సీ మీద పడ్డ నీళ్లు చాలావరకు జారిపోతాయి, మిగిలిన తడి నిమిషాల్లో ఆరిపోతుంది. తెల్ల టీషర్టు మీదా, నల్లదాని మీదా తడి సరిగా కనిపించదు. లేత బూడిదరంగు కాటన్ అయితే మచ్చ ముదురుగా తేలుతుంది, కానీ పిల్లలందరికీ ఒకే రంగు వేయించడం అయ్యే పనేనా? పైగా పది నిమిషాలు పరిగెత్తాక చెమటా నీళ్లూ కలిసిపోయి ఎవడి చొక్కా అయినా ముద్దే. తడిసిన బట్ట మీద ఇంకో ధార పడితే వాడికే తెలియకపోవచ్చు.

పరిష్కారం పాత న్యూస్‌పేపరు. అరచేతంత ముక్కలు చించి, బట్టల క్లిప్పుతో ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద పెట్టించండి. ధార సూటిగా పడితే కాగితం నల్లబడి, మెత్తబడి, క్లిప్పు నుంచి వేలాడుతుంది. ఎగిరొచ్చిన తుంపర పడితే చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి రూలు ఇది: సగానికి పైగా తడిసినా, చిరిగినా తగిలినట్టు. చుక్కలు లెక్కలోకి రావు. టిష్యూ పేపరు వాడొద్దు, అది తుంపరకే కరిగిపోయి కొత్త గొడవ తెస్తుంది. చేతుల మీద, కాళ్ల మీద పడ్డ నీళ్లకు లెక్క లేదు. చేత్తో కాగితాన్ని కప్పుకుంటే మాత్రం తగిలినట్టే.

సమస్య: కాగితం చిరిగినా "అది ముందే చిరిగింది" అంటాడు

ఇది అచ్చంగా తొండే. అయితే దానికి కారణం మనం పెట్టిన శిక్ష. ఒక్కసారి తగిలితే ఆట అయ్యేదాకా మెట్ల మీద కూర్చోవాలంటే ఏ పిల్లాడు నిజం చెబుతాడు? ఔటైనవాడు లిఫ్టు పక్క స్తంభం ముట్టుకుని, ఇరవై లెక్కపెట్టి, కొత్త కాగితం పెట్టుకుని మళ్లీ రావాలి. అంతే. ఒక్కో జట్టుకు నలభై ముక్కలు ఇవ్వండి, ఎవరి కట్ట ముందు ఖాళీ అయితే వాళ్లు ఓడినట్టు. స్కోరు రాసేవాళ్లు అక్కర్లేదు, అంపైరూ అక్కర్లేదు. అయినా వాదన తెగకపోతే ఇద్దరూ వెళ్లి కొత్త కాగితాలు పెట్టుకోవాలి. వాదించినా లాభం లేదని తెలిశాక చాలావరకు నోళ్లు మూతపడతాయి. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే రూలు ఇదే.

ఇద్దరూ ఒకరినొకరు ఒకేసారి కొట్టుకుంటే ఇద్దరివీ పోతాయి. దీని మీద చర్చ లేదు.

సమస్య: "వాడి గన్ పెద్దది, దూరం నుంచే కొట్టేస్తున్నాడు"

మామూలు చిమ్మనగ్రోవిలో నీటి వేగమంతా చేతి తోపుడు మీదే ఆధారపడుతుంది. పంపు కొట్టే పెద్ద గన్‌లో లోపల నొక్కుకుపోయిన గాలి నీటిని నెడుతుంది కాబట్టి ధార ఆగకుండా దూరం పోతుంది. (ఈ రకాన్ని కనిపెట్టింది లానీ జాన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. 1982లో బాత్‌రూమ్‌లో హీట్ పంపు ప్రయోగం చేస్తుంటే దూసుకెళ్లిన ధార చూసి ఆలోచన తట్టింది, బొమ్మ అంగళ్లకు వచ్చేసరికి 1990 అయింది.) కానీ దూరం పోయేకొద్దీ ఏ ధారైనా చుక్కలుగా విడిపోతుంది. అంటే పైన చెప్పిన చుక్కల రూలు వల్ల చాలా దూరపు దెబ్బ దానంతటదే చెల్లదు. ఇక మిగిలేది ట్యాంకు తేడా. ఎంత పెద్ద గన్‌కైనా ఒకసారికి ఒక లీటరు సీసాతోనే నీళ్లు పోయించండి. నింపుకునేవాడిని కొట్టకూడదు, వాడూ కొట్టకూడదు.

సమస్య: కళ్లలో కొట్టాడని ఏడుపు

కాగితం ఛాతీ మీద ఉంటే గురి కొంత కిందికి దిగుతుంది గానీ, మీద మీదికొచ్చి పేల్చేవాళ్లు ఉంటారు. మెడ పైన తగిలితే కొట్టినవాడి కాగితమే పోవాలి, కావాలని కొట్టాడా పొరపాటా అని విచారణ వద్దు. రెండు చేతుల దూరం కన్నా దగ్గరికొస్తే నీళ్లు కొట్టకుండా "తడి!" అని అరిస్తే చాలు, ఎదుటివాడు ఔట్. రంగు నీళ్లు, సబ్బు నీళ్లు అసలొద్దు.

సమస్య: నాలుగేళ్లవాణ్ణి ఏం చేయాలి

మామూలుగా ఆటలో అరటిపండు. కాగితం ఉండదు, వాణ్ణి కొట్టినా లెక్క లేదు, వాడు కొట్టింది మాత్రం చెల్లుతుంది. అసలు చిక్కు పెద్దపిల్లలతో వస్తుంది, "ఒరే బుజ్జీ, నా ముందు నిలబడరా" అని వాణ్ణి డాలుగా వాడుకుంటారు. వాడి వెనక దాక్కున్నవాళ్లు ఒక కాగితం జరిమానా కట్టాలి.

సమస్య: సెక్యూరిటీ అన్న వచ్చి "నీరు వేస్ట్ మాడ్బేడ్రప్పా" (నీళ్లు వేస్ట్ చేయకండి) అంటాడు

ఆయన మాటలో న్యాయముంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు ఇక్కడి జలమండలి తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. హోలీ రెయిన్ డ్యాన్సులకు కావేరి నీళ్లు వాడొద్దనీ కోరింది. కొళాయికి పైపు తగిలించనివ్వకండి. ఖర్చు తగ్గుతుంది కదా అని ఎస్‌టీపీ నీళ్లు (శుద్ధి చేసిన మురుగునీరు) మాత్రం ఇవ్వొద్దు, నోట్లోకీ కళ్లలోకీ పోతాయి. జట్టుకు రెండు బకెట్ల మంచి నీళ్లు చాలు. కాగితాలు మిగిలుండగానే బకెట్లు ఖాళీ అయితే, అప్పటికి ఎవరి కట్ట మందంగా ఉంటే వాళ్లే గెలిచినట్టు. తడి కాగితాలు ఏరి డస్ట్‌బిన్‌లో వేసే పని ఓడిన జట్టుది.