తాత ట్యాంకు రెజిమెంటు దొరకట్లేదా? పేరు కాదు, తేదీ చూడండి

బ్రిటిష్ ట్యాంకు రెజిమెంటులో పనిచేసిన తాతగారి గురించి వెతకడానికి కూర్చున్నవాళ్లు (ఆ ఇళ్లకు కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లిన మనవాళ్లతో సహా) ఒకటే పొరపాటు చేస్తారు. ఫొటో వెనక రాసున్న రెజిమెంటు పేరు పట్టుకుని నేరుగా వార్ డైరీ (రెజిమెంటు రోజువారీగా రాసుకున్న యుద్ధ చిట్టా) మీద పడతారు. డైరీ ఆఖర్న తెరవాల్సింది. ముందు కావాల్సింది ఆయన ఆర్మీ నంబరు, ఆ తర్వాత సర్వీస్ రికార్డు. ఈ రెండూ లేకుండా డైరీ తిరగేయడమంటే ఏ ఊరికో తెలియకుండా బస్సెక్కడమే.

నంబరు ఆయన పేబుక్‌లో (జీతం పుస్తకం), రిలీజ్ బుక్‌లో (సైన్యం విడిచేటప్పుడు ఇచ్చింది) ఉంటుంది. పతకాల మీద వెతక్కండి. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లను (నక్షత్రం ఆకారపు పతకాలను) బ్రిటన్ పేరు చెక్కకుండానే పంచింది. యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో నంబరు, రెజిమెంటు, తేదీ మూడూ దొరుకుతాయి. సర్వీస్ రికార్డులు 2022 నుంచి బ్రిటన్ రక్షణ శాఖ దగ్గర్నుంచి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు తరలుతున్నాయి. అడిగేముందు మరణ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. "అవన్నీ బాంబుల్లో కాలిపోయాయట" అని వదిలేయకండి. 1940 సెప్టెంబరులో కాలిపోయినవి మొదటి ప్రపంచ యుద్ధం నాటి సిపాయిల ఫైళ్లు. రెండో యుద్ధానివి ఆ మంటల్లో పోలేదు.

లక్షణం: డైరీ మొత్తం చదివినా తాత పేరు లేదు

ఉండదు. వార్ డైరీ రాసేది రెజిమెంటు హెడ్‌క్వార్టర్స్‌లోని ఆఫీసరు. అందులో పేర్లు వచ్చేది దాదాపు ఆఫీసర్లవే. ట్రూపర్లు (మామూలు ట్యాంకు సిపాయిలు), కార్పొరల్‌లు "ఇద్దరు మృతి, నలుగురికి గాయాలు" అనే లెక్కలోకి పోతారు. పేరు కనపడలేదని రెజిమెంటు తప్పేమో అనుకుని ఇంకో డైరీ తెరిచేవాళ్లు చాలామంది. అది అనవసరం.

ఆయన ఏ స్క్వాడ్రన్‌లో ఉన్నారో తేల్చుకోవడం దీనికి మందు. ఒక రెజిమెంటులో పోరాడే స్క్వాడ్రన్‌లు ఎ, బి, సి అని మూడు. డైరీలో కదలికలు కూడా స్క్వాడ్రన్‌ల వారీగానే రాస్తారు. ఆయనతోపాటు అదే రెజిమెంటులో చనిపోయినవారో, గాయపడినవారో ఎవరని డబ్ల్యూఓ 417 (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీస్, అంకె నేషనల్ ఆర్కైవ్స్‌లోని సిరీస్‌ది) క్షతగాత్రుల జాబితాల్లో తేదీ పట్టుకుని చూడండి. పతకం వచ్చి ఉంటే డబ్ల్యూఓ 373లో దానికి సిఫారసు ఉంటుంది. ఏ రోజు, ఏ ఊరి దగ్గర, ఏం చేశారో అందులో అరపేజీ దాకా దొరకవచ్చు. డైరీలో నెల మొత్తానికి వచ్చేది కూడా ఒక్కోసారి అంత ఉండదు.

లక్షణం: ఇంట్లో విన్న యుద్ధం ఒకటి, డైరీలో ఉన్న యుద్ధం ఇంకొకటి

ఎంత అనుభవం ఉన్నవాళ్లనైనా బోల్తా కొట్టించేది ఇదే. తొందరపడకుండా చదవండి.

తాత లిబియాలోని టోబ్రుక్‌లో పట్టుబడ్డారని ఇంట్లో చెప్పుకుంటారు. రెజిమెంటు 7వ ఆర్‌టీఆర్, అంటే 7వ రాయల్ ట్యాంక్ రెజిమెంట్. నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఆ పేరు కొట్టగానే 1944 డైరీ పైకొస్తుంది. అందులో నార్మండీ, చర్చిల్ ట్యాంకులు. ఎడారి ఊసే లేదు. ఇక్కడితో చాలామంది "తాత కథలు చెప్పి ఉంటాడు" అని తేల్చేస్తారు. తాత అబద్ధమాడలేదు. ఆ పేరు మీద రెండు వేర్వేరు రెజిమెంట్లు ఉన్నాయి.

1942 జూన్ 21న టోబ్రుక్ పడిపోయినప్పుడు 32వ ఆర్మీ ట్యాంక్ బ్రిగేడ్‌లోని 4వ, 7వ ఆర్‌టీఆర్‌లు రెండూ దాంతోపాటే పోయాయి. చాలామంది ఖైదీలయ్యారు. అంత పేరున్న అంకెలను అలా వదిలేయడం సైన్యానికి మనసొప్పలేదు. 1943లో 10వ ఆర్‌టీఆర్ తన అంకె తీసేసి 7వది పెట్టుకుంది. 1945 మార్చి 1న 144వ ఆర్‌ఏసీ (రాయల్ ఆర్మర్డ్ కోర్) 4వ ఆర్‌టీఆర్ అయింది. దత్తత పోయిన పిల్లాడికి ఇంటిపేరు మారినట్టు మనుషులు వాళ్లే, పేరు మాత్రం ఇంకొకరిది. ఆ 144వది అసలు పుట్టింది ఈస్ట్ లాంకషైర్ రెజిమెంటు 8వ పదాతి బెటాలియన్‌గా. అంటే 1945 మార్చిలో రైన్ నది దాటిన 4వ ఆర్‌టీఆర్ వేరు, 1942లో టోబ్రుక్‌లో చిక్కిన 4వ ఆర్‌టీఆర్ వేరు. రెండింటికీ కలిసేది అంకె మాత్రమే.

పైగా డైరీలు రెజిమెంటు పేరు మీద ఒక్కచోట ఉండవు. యుద్ధరంగాన్ని బట్టి వేర్వేరు సిరీస్‌లలో సర్ది ఉంటాయి. 7వ ఆర్‌టీఆర్‌నే తీసుకోండి. 1940 మే 21న ఫ్రాన్సులోని అరాస్ దగ్గర పోరాడింది, ఆ డైరీ డబ్ల్యూఓ 167లో. ఈజిప్టు, లిబియాల్లో ఉన్నప్పటిది డబ్ల్యూఓ 169లో. పేరు మార్చుకున్న కొత్త 7వది ఇంగ్లండులో ఉన్నన్నాళ్లూ డబ్ల్యూఓ 166లో, యూరప్‌లో దిగాక డబ్ల్యూఓ 171లో. ఒక అంకె, నాలుగు సిరీస్‌లు, రెండు రెజిమెంట్లు. మిగతా రంగాలవి: ఇటలీకి డబ్ల్యూఓ 170, బర్మా వైపుకు డబ్ల్యూఓ 172, ట్యునీసియాలో ఫస్ట్ ఆర్మీకి డబ్ల్యూఓ 175.

సరిచేసే పద్ధతి ఇది. ఒక కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి నాలుగు వరసలు చేయండి: తేదీ, రెజిమెంటు, దేశం, సిరీస్. సర్వీస్ రికార్డులో కనిపించే ప్రతి పోస్టింగునూ తేదీతో సహా మొదటి మూడు వరసల్లో రాయండి. నాలుగోది నింపేది ఆ తర్వాతే. తేదీ లేని రెజిమెంటు పేరును ఆ కాగితం మీదకు రానివ్వకండి, ఇంట్లో ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే.

దీనికి ఒక చవకైన అడ్డు తనిఖీ ఉంది, దాదాపు ఎవరూ చేయరు. ఆఫ్రికా స్టార్ రిబ్బన్ మీద "8వ ఆర్మీ" పట్టీ ఉందేమో చూడండి. ఆ పట్టీ 1942 అక్టోబరు 23 నుంచి 1943 మే 12 మధ్య ఆ సైన్యంలో ఉన్నవారికి ఇచ్చారు. 1942 జూన్‌లో టోబ్రుక్‌లో ఖైదీ అయిన మనిషికి అది రాదు. పట్టీ ఉంటే, టోబ్రుక్ కథ ఇంకెవరిదో తాతకు అంటుకుందన్నమాట. లేదా ఆ పతకాలు ఇంకెవరివో. పేరు చెక్కని పతకాలు పెట్టెల్లో కలిసిపోవడం మామూలే.

ఆఫ్రికా స్టార్ పక్కన బర్మా స్టార్ కనపడితే కంగారు పడకండి. 7వ ఆర్మర్డ్ బ్రిగేడ్‌లోని 7వ హుస్సార్స్, 2వ ఆర్‌టీఆర్ 1942 ఫిబ్రవరిలో మధ్యప్రాచ్యం నుంచి రంగూన్‌లో దిగాయి. ఆ మే నెలకల్లా స్టువర్ట్ ట్యాంకులను చింద్విన్ నది ఒడ్డున ధ్వంసం చేసి ఇండియా వైపు నడిచాయి. అదే అంకెతో 7వ ఆర్మర్డ్ డివిజన్ ఒకటి ఎడారిలోనే ఉండిపోయింది. డివిజన్‌ది ఎర్ర జెర్బోవా ఎలుక, బ్రిగేడ్‌ది ఆకుపచ్చది. భుజం మీద ఎలుక బొమ్మ చూసి "తాత ఎడారి ఎలుక" (ఆ డివిజన్‌వాళ్లకున్న ముద్దుపేరు) అని తేల్చేముందు రంగు చూడండి. నలుపు తెలుపు ఫొటో అయితే అది కుదరదు, కాబట్టి మళ్లీ తేదీల కాగితానికే రావాలి.

లక్షణం: ట్యాంకులన్నారు, టోపీ మీద చూస్తే పదాతి బ్యాడ్జీ

నల్ల బెరే టోపీ మీద పదాతి రెజిమెంటు బ్యాడ్జీ ఉంటే అది ఆర్‌ఏసీగా మార్చిన పదాతి బెటాలియన్. అలా మారినవాళ్లు తమ పాత బ్యాడ్జీనే పెట్టుకున్నారు. బఫ్స్ అనే పదాతి రెజిమెంటు బ్యాడ్జీ అయితే 141వ ఆర్‌ఏసీ కావచ్చు. నిప్పు చిమ్మే క్రొకడైల్ ట్యాంకులు నడిపినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

కానీ బ్యాడ్జీతో ఆగిపోకూడదు. డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్స్ రెజిమెంటు నుంచి 114, 115, 145, 146 అని నాలుగు ఆర్‌ఏసీ రెజిమెంట్లు పుట్టాయి. 145వది ట్యునీసియా, ఇటలీలకు పోయింది. 146వది ఇండియా, బర్మాలకు వచ్చింది. బ్యాడ్జీ ఒకటే, మధ్యలో వేల మైళ్లు.

ఇక్కడ ఆర్మీ నంబరు పనికొస్తుంది. 1920 నుంచి ఒక్కో రెజిమెంటుకు ఒక్కో అంకెల వరస కేటాయించారు, ఒకసారి ఇచ్చిన నంబరు బదిలీ అయినా మారదు. 4601001 నుంచి 4680000 లోపు నంబరుంటే మొదట చేరింది డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్స్‌లో. 7868001 నుంచి మొదలయ్యే వరస ట్యాంకు దళానిది. 142 లక్షలు దాటితే 1942 నుంచి జనరల్ సర్వీస్ కోర్ (కొత్తవారిని ముందుగా చేర్చుకునే దళం) మీదుగా వచ్చినవారు. నంబరు చూసి రెజిమెంటు చెప్పలేం. నంబరు చెప్పేది ఎక్కడ చేరారన్న మాట వరకే. ఎక్కడ పోరాడారో చెప్పదు. ఇదొక్కటీ తలకెక్కించుకుంటే సగం పని అయినట్టే.

సమాధి మీద "ఆర్‌ఏసీ" అని మాత్రమే ఉంటే అది రెజిమెంటు పేరనుకోకండి. 1939 ఏప్రిల్ 4న పుట్టిన ఆర్‌ఏసీ ఒక గొడుగు. దాని కింద ఆర్‌టీఆర్‌లూ, గుర్రాలు వదిలి ట్యాంకులెక్కిన అశ్విక రెజిమెంట్లూ ఉన్నాయి.

లక్షణం: రికార్డులో "క్యాజువల్టీ" అని ఉంది, గాయమైనట్టు ఎవరూ చెప్పలేదు

బి103 అనే ఫారం పేరే క్యాజువల్టీ ఫారం. సెలవు, బదిలీ, ప్రమోషన్, ఓడెక్కడం అన్నీ అందులోనే రాస్తారు. గాయంతో సంబంధం లేదు. గమనించాల్సింది ఎక్స్ లిస్టులను. ఎక్స్(2) అంటే వైద్య కారణాలతో రెజిమెంటు నుంచి తరలించారు. ఎక్స్(4) అంటే రెజిమెంటు కేటాయించని అదనపు బలగంలో ఉన్నారు. ఎక్స్(2)లో పడిన తేదీ నుంచి మళ్లీ చేరిన తేదీ వరకు ఆ రెజిమెంటు ఎక్కడ పోరాడినా ఆయన అక్కడ లేరు. ఆసుపత్రి నుంచి వేరే రెజిమెంటుకు పంపడమూ ఉంది. కాగితం మీద ఆ మార్పు ఒక్క గీతలో ఉంటుంది, చదివేటప్పుడు కళ్లు దాటిపోతాయి.

మిగతావి, గబగబా

ఖైదీ అయ్యారా? జాబితాలకు డబ్ల్యూఓ 392, జర్మన్ కార్డులకు డబ్ల్యూఓ 416, 1945లో విడుదలైనవారు నింపిన ప్రశ్నపత్రాలకు డబ్ల్యూఓ 344. టోబ్రుక్‌లో పట్టుబడ్డవాళ్లను మొదట ఇటలీకి పంపారు కాబట్టి జర్మనీలో దొరకకపోతే ఇటలీ జాబితా చూడండి.

మొదటి ప్రపంచ యుద్ధం అయితే ట్యాంకు బెటాలియన్‌లకు మొదట అక్షరాలుండేవి, 1918 మొదట్లో అంకెలిచ్చారు. 1917 నవంబరు 20న కాంబ్రే యుద్ధంలో డి బెటాలియన్‌గా ఉన్నదే తర్వాత 4వది. డైరీలు డబ్ల్యూఓ 95లో.

తాతగారు తెలుగువారై బర్మా రంగంలో ట్యాంకు బ్రిగేడ్‌తో ఉన్నారంటే ఆయన బ్రిటిష్ రెజిమెంటు సిపాయి కాకపోవచ్చు. ఇండియన్ ఆర్మీ మనిషి అయ్యుంటారు, ఆ బ్రిగేడ్‌ల వెంట భారతీయ దళాలు చాలానే ఉండేవి. లండన్‌కు రాసి ఎదురుచూడకండి. ఆయన దళం ఏదో తేల్చుకుని దాని రెజిమెంటల్ సెంటర్‌ను అడగండి. మద్రాస్ సాపర్స్ (ఇంజినీరింగు దళం) అయితే అది బెంగళూరులో ఉంది.

దొంగపేరుతో చేరడం, రహస్య దళాలు, ఆఫీసు గుమాస్తా పేరు తప్పు రాయడం ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి పోండి.

డార్సెట్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం ఆర్కైవ్‌కు రాసేటప్పుడు "మా తాత ట్యాంకుల్లో చేశారు" అని పంపితే ఏమీ తేలదు. పేరు, ఆర్మీ నంబరు, తేదీల కాగితం నకలు, ఫొటో రెండు వైపులా స్కాన్ జతచేయండి. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే అది కత్తిరించకండి, ఏ ఊళ్లో దిగారో చెప్పేది ఒక్కోసారి అదొక్కటే.