వైజాగ్ బీచ్‌లో అలల అయస్కాంత క్షేత్రం కొలవాలంటే

ముందే చెప్పేస్తున్నా, ఫోన్ యాప్‌తో అవ్వదండి. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది కదా, ఆ నీళ్ళు భూమి అయస్కాంత క్షేత్రంలో కదిలితే చిన్న చిన్న కరెంట్లు పుడతాయి, ఆ కరెంట్ల వల్ల వచ్చే బుల్లి అయస్కాంత క్షేత్రాన్నే మనం కొలవాలి, ఫారడే 1832లోనే లండన్‌లో థేమ్స్ నది మీద ట్రై చేశాడు, సరైన రిజల్ట్ రాలేదు. రెండు మీటర్ల ఎత్తు, 10 సెకన్ల పీరియడ్ (ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య టైమ్) ఉన్న స్వెల్‌కి, అంటే దూరం నుంచి వచ్చే పొడవాటి అలలకి, వచ్చేది ఇంచుమించు 1 నానోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న యూనిట్), భూమిదేమో మన దగ్గర 40 వేల పైమాటే.

అందుకే సీజియం వేపర్ సెన్సర్ బెస్ట్, అది సీజియం ఆవిరితో క్షేత్రం దిక్కుతో పని లేకుండా మొత్తం బలాన్ని కొలుస్తుంది. ఫ్లక్స్‌గేట్ (ఒక దిక్కులో ఉన్న క్షేత్రాన్నే కొలిచే సెన్సర్) చవకే గానీ అది డిగ్రీలో వెయ్యో వంతు ఒరిగితే చాలు 0.7 నానోటెస్లా దాకా తేడా చూపించేస్తుంది, అల కొట్టినప్పుడల్లా ఇసక అదురుతూనే ఉంటుంది మరి. సీజియం కొనే స్తోమత మనకెక్కడిది, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) జియోఫిజిక్స్ వాళ్ళని అడిగి చూడండి. దొరికితే నిలువుగా మాత్రం పెట్టకండి, ఇక్కడ భూక్షేత్రం దాదాపు పడుకునే ఉంటుంది కాబట్టి సిగ్నల్ పడిపోతుంది, సెన్సర్‌ని క్షేత్రానికి 45 డిగ్రీల కోణంలో వంచి బిగించాలి.

ఆర్కే బీచ్ వద్దు, రోడ్డు మీద ఒక్క బస్సు వెళ్తే మీ రీడింగ్ గోవిందా. రుషికొండ దాటాక రోడ్డుకి దూరంగా, నీళ్ళకి వీలైనంత దగ్గరగా చూసుకోండి, ఎందుకంటే 10 సెకన్ల అలకి పాతిక మీటర్లు పైకెళ్తేనే సిగ్నల్ మూడో వంతుకి వచ్చేస్తుంది. అక్కడక్కడా నల్ల ఇసక చారలుంటాయి, అయస్కాంతం పెడితే గింజలు ముళ్ళలా లేచి అంటుకుంటాయి, అందులో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం ఉంటుంది, అలలు దాన్ని అటూ ఇటూ జరుపుతాయి, ఆ చారల దగ్గర స్టాండ్ పాతకండి. స్టాండ్ వెదురుదో పీవీసీదో, స్క్రూలు ఇత్తడివి. ఇది నేవీ ఊరు, వైర్లూ డబ్బాలూ పట్టుకుని తిరిగితే ఊరుకోరు, ముందే పర్మిషన్ తీసుకోండి.

అసలు తలనొప్పి ఏంటంటే, పైన అయస్కాంతావరణం (భూమి చుట్టూ అంతరిక్షంలో భూమి అయస్కాంత ప్రభావం ఉన్న ప్రాంతం) నుంచి వచ్చే పిసి3 పల్సేషన్లు, అంటే భూక్షేత్రంలో వచ్చే చిన్న చిన్న ఊగులాటల పీరియడ్ 10 నుంచి 45 సెకన్లు, అంటే సరిగ్గా మన స్వెల్ రేంజే! అవి పగలే ఎక్కువ, కాబట్టి రాత్రి కొలవండి, ఇంకో సెన్సర్ ఒకట్రెండు కిలోమీటర్లు నేల వైపు లోపల పెట్టి రెండిటి టైమూ జీపీఎస్‌తో కలపండి, తర్వాత ఒడ్డు సెన్సర్ రీడింగ్‌లోంచి లోపలిదాన్ని తీసేయండి. అలల పీరియడ్ తెలియడానికి నీళ్ళలో ఒక ప్రెషర్ సెన్సర్ కూడా ఉండాలి. స్పెక్ట్రమ్ (ఏ పీరియడ్‌లో సిగ్నల్ ఎంతుందో చూపించే గ్రాఫ్) గీస్తే ఒడ్డు సెన్సర్‌లోనూ ప్రెషర్‌లోనూ ఒకే పీరియడ్ దగ్గర పీక్ వచ్చి, లోపలి దాంట్లో రాకపోతే అది అలదే. మూడిట్లోనూ వస్తే ఆ రాత్రి డేటా పక్కన పెట్టేయండి, ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళు స్వెల్ అలర్ట్ ఇచ్చిన రోజు చూసి మళ్ళీ పెట్టండి.