ల్యాబ్ వదిలి డేటా పనిలోకి వచ్చేవాళ్లు ఫైల్ చేతికొచ్చాక ఏం చేయాలి

బయాలజీ, కెమిస్ట్రీ, ఫార్మసీ చదివి కొన్నేళ్లు ల్యాబ్‌లో పనిచేసి డేటా వైపు వస్తున్నవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు, అందరూ ముందు అడిగేది ప్రోగ్రామింగ్ భాషల్లో పైథాన్ నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా అని. ఏదో ఒకటి పట్టుకోండి, రెంటితోనూ పని జరుగుతుంది. అంతకంటే ముఖ్యం, ల్యాబ్‌లో అలవాటైన జాగ్రత్తలు అక్కడే వదిలేసి రావద్దు, ఈ పనిలో మీకు అన్నిటికన్నా అక్కరకొచ్చేవి అవే.

ఫైల్ రాగానే ఒరిజినల్‌ని రీడ్ ఓన్లీ పెట్టేసి కాపీ మీదే పని చేయండి. ఎక్సెల్‌లో ఊరికే తెరిచి సేవ్ కొట్టినా డేటా మారిపోవచ్చు, సెప్ట్2 అనే జీన్ పేరుని అది సెప్టెంబర్ 2 అనే తేదీగా మార్చేసేది, మార్చ్1 కూడా అంతే. 2016లో వచ్చిన ఒక పరిశీలనలో ఎక్సెల్ జీన్ లిస్టులు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతు వాటిలో ఈ తప్పు దొరికింది, చివరికి 2020లో ఆ జీన్ల పేర్లనే సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని మార్చాల్సొచ్చింది. అందుకే ఐడీలు, కోడ్లు ఉన్న కాలమ్స్‌ని టెక్స్ట్‌గానే ఇంపోర్ట్ చేయండి, లేకపోతే ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి. పంపినవాళ్ల దగ్గర ఎన్ని రోలు (అడ్డ వరుసలు) ఉన్నాయో మీ దగ్గరకి ఎన్ని వచ్చాయో సరిచూడండి. 2020 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా ఉండిపోయాయి, పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 రోలకి మించి పట్టవు మరి.

తర్వాత ఆ నంబర్ ఎవరు, ఏ మెషిన్ మీద, ఏ యూనిట్‌లో కొలిచారో అడగండి, ఫోన్ చేసైనా సరే. ఉదాహరణకి గ్లూకోజ్ కాలమ్‌లో 98, 110, 126 ఉండి మధ్యలో 5.4, 6.1 కనిపించాయనుకోండి, చాలామంది అవి అవుట్‌లయర్లు, అంటే మిగతావాటికి పొంతనలేని విలువలు అని తీసేస్తారు, నిజానికి మిగతావి డెసిలీటర్‌కి మిల్లీగ్రాముల్లో ఉంటే అవి లీటర్‌కి మిల్లీమోల్స్‌లో ఉన్నాయి, 18తో గుణిస్తే 97, 110 దగ్గరకొస్తాయి, అంటే మామూలు రీడింగులే. యావరేజ్ చూస్తే ఇది తెలీదు, హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే బార్ల బొమ్మ) గీస్తే మాత్రం రెండు గుట్టలు విడివిడిగా కనిపిస్తాయి. 999 అని కొట్టి ఉంటే అది విలువా లేక ఖాళీకి గుర్తా? సున్నా అంటే నిజంగా సున్నానా, లేక మెషిన్ పట్టలేనంత తక్కువా? ఇవి ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకి చప్పున తడతాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక అసలు విషయం కంట్రోల్స్, అంటే జవాబు ముందే తెలిసిన పరీక్షలు. కంట్రోల్ లేకుండా ల్యాబ్‌లో ఏ రిజల్టూ నమ్మం కదా, కోడ్‌ని మాత్రం ఎర్రర్ రాకపోతే చాలు నమ్మేస్తున్నారు, ఇది నాకు అస్సలు నచ్చదు. పాజిటివ్ కంట్రోల్ అంటే, కాపీ డేటాలో ర్యాండమ్‌గా సగం రోలకి మీరే 10 కలిపి కోడ్ రన్ చేయండి, ఆ రెండు సగాల మధ్య తేడా 10 దగ్గర్లో రావాలి, రాకపోతే కోడ్‌లో ఏదో ఉంది. నెగటివ్ కంట్రోల్‌కి ఎవరికి మందు ఇచ్చారు ఎవరికి ఇవ్వలేదు అన్న కాలమ్‌ని షఫుల్ చేసి మొత్తం మొదట్నుంచి మళ్లీ రన్ చేయండి, అప్పుడు మోడల్ ఏమీ కనిపెట్టలేకపోవాలి. మందు ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు సగం సగం ఉన్నప్పుడు ఎన్నిసార్లు షఫుల్ చేసినా 85 శాతం యాక్యురసీ వస్తుంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, అంటే మోడల్‌కి జవాబు ముందే అందిపోతోంది, చాలాసార్లు అది మోడల్‌ని పరీక్షించడానికి పక్కన పెట్టాల్సిన టెస్ట్ డేటాని కూడా కలిపేసి ముందే మంచి కాలమ్స్ ఏరుకోవడం వల్ల వస్తుంది.

రన్ చేసిన తేదీని బట్టి రంగులు వేసి ఒక ప్లాట్ కూడా గీయండి. మందు ఇచ్చిన శాంపిల్స్ అన్నీ సోమవారం, ఇవ్వనివన్నీ గురువారం రన్ చేసి ఉంటే ఆ తేడా మందుదో రోజుదో ఏ మోడలూ విడదీయలేదు. ఆ మాట మేనేజర్‌కి మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి, నెల తర్వాత చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు.

నోట్‌బుక్ మానొద్దు. తేదీ, ఏ రోలు తీసేశారు, ఎన్ని, ఎందుకు, ఎవరిని అడిగి, అన్నీ అదే రోజు రాయండి, ఏం మార్చారో గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచిపెట్టే టూల్) కనిపిస్తుంది గానీ ఎందుకు మార్చారో మీరు రాస్తేనే ఉంటుంది.