మట్టి బిగిసేలోపు గొడుగు: పిల్లలతో వినాయకుణ్ణి చేయించే పద్ధతి

తెనాలిలో మా అపార్టుమెంటు సెల్లారులో ఏటా చవితికి ముందు ఒక ఆదివారం పిల్లల చేత మట్టి వినాయకుణ్ణి, ఆయన నెత్తిన పట్టే కాగితపు గొడుగునీ చేయిస్తాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాను. ఈ పని మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ ఏడాది హైదరాబాదులో మా కోడలు తమ కాలనీ పిల్లలతో చేయిస్తానని, పద్ధతి రాసిమ్మని అడిగింది. ఆమె కోసం మొదలుపెట్టినా, చేయించాలనుకునే అందరికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

చాలామంది కాగితం పని ముందు పూర్తి చేయించి, మట్టి పని తరువాత పెట్టుకుంటారు. అలా చేస్తే మట్టి పని చెడుతుంది. అప్పుడే చేసిన మెత్తని బొజ్జ మీద తల పెడితే బొజ్జ కుంగుతుంది, తొండం వాలిపోతుంది. బొజ్జ, కాళ్లు చేశాక ముప్పావుగంట ఆగితే మట్టి కాస్త బిగుసుకుని తల బరువు మోస్తుంది. అంతసేపు పిల్లలను ఊరికే కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. గొడుగు చేయించాల్సింది ఆ ముప్పావుగంటలోనే. మొదట మట్టి, నడుమ కాగితం, చివర మళ్లీ మట్టి. ఈ వరుస ఒక్కటి తప్పకుండా పాటించండి.

రోజు ఎంచుకునేటప్పుడు విగ్రహం ఆరడానికి వారం పైనే పడుతుందని లెక్క వేసుకోండి. భాద్రపదంలో గాలిలో తేమ ఎక్కువ. 2026లో చవితి సెప్టెంబరు 14, సోమవారం. ముందురోజు ఆదివారం కదా అని ఆ రోజు పెట్టుకుంటే తడి బొమ్మకు పూజ చేయాల్సి వస్తుంది. ఆగస్టు 30 మంచిది, కుదరకపోతే సెప్టెంబరు 6.

ఇక మట్టి. మొదటి ఏడాది నేను పొలం గట్టు నుంచి నల్లరేగడి తెప్పించాను. పిసికేటప్పుడు వెన్నలా ఉంది. మూడో రోజుకు బొమ్మలన్నీ నెర్రెలు విచ్చాయి. ఎండాకాలంలో నల్లరేగడి చేను ఎలా బీటలు వారుతుందో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, అయినా బొమ్మ కూడా అలాగే పగులుతుందని నాకు తట్టలేదు. రెండో అంతస్తు పాప ఒక చేతిలో వినాయకుణ్ణి, ఇంకో చేతిలో విరిగిన తొండాన్ని పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఆ ముఖం నేను మరిచిపోలేదు. అప్పటి నుంచి కుండలు చేసే ఇంటికి వెళ్లి, వాళ్లు నానబెట్టి రాళ్లు ఏరి తొక్కి ఉంచిన బంకమట్టినే కొంటున్నాను. అయిదంగుళాల బొమ్మకు కిలో మట్టి కావాలి. ఇరవై నలుగురు పిల్లలైతే కాస్త మిగులు ఉండేలా ముప్పై రెండు కిలోలు తెచ్చుకోండి. తెచ్చిన మట్టిలో గుప్పెడు దూదిని పోగులుగా విడదీసి కలిపి పిసికితే పగుళ్లు బాగా తగ్గుతాయి. ముందురోజు సాయంత్రమే కిలో చొప్పున ముద్దలు చేసి, తడి గోనెసంచి కప్పి ఉంచండి. సరైన ముద్ద వేలికి అంటుకోదు. చిటికెన వేలంత తాడులా చేసి ఉంగరంలా వంచితే విరగకూడదు. విరిగితే నీళ్లు చాలలేదు, వేళ్లకు అంటుకుంటే ఎక్కువయ్యాయి.

ఇరవై నలుగురికి మించి పిలవకండి. ఆరుగురికి ఒక బల్ల, బల్లకు ఒక పెద్దమనిషి. పాత బట్టలు వేసుకుని రమ్మని, బొమ్మను ఇంటికి తీసుకువెళ్లడానికి ఖాళీ మిఠాయి పెట్టె తెచ్చుకోమని ముందే చెప్పండి. చెప్పుల అట్టపెట్టె వద్దని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇంట్లో చేతికందిన పెట్టెతో వస్తారు, తీరా అందులో దేవుణ్ణి పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

ప్రతి పిల్లవాడి ముందు జానెడు ప్లైవుడ్ ముక్క, దాని మీద న్యూస్‌పేపరు పరచండి. కాగితం లేకపోతే పీఠం చెక్కకు అతుక్కుపోతుంది. నీళ్లు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. చెంబు కనిపిస్తే చాలు, నున్నగా చేయాలని బొమ్మకు స్నానం చేయిస్తారు. పైపొర జారుడుగా తయారై, ఆరాక అక్కడే పగులుతుంది. బల్లకు ఒక తడి స్పాంజి ముక్క, ఒక గిన్నెలో మట్టి జావ చాలు.

ముద్దలో సగం బొజ్జకు, పావు వంతు తలకు, మిగిలిన పావు పీఠానికి, కాళ్లకు, చేతులకు, తొండానికి, చెవులకు. వేలెడు మందాన పీఠం తట్టి, దాని మీద పనసకాయలా బొజ్జ నిలబెట్టించండి. రెండు తాళ్లు చేసి మఠం వేసుకున్నట్టు కాళ్లు పెట్టించండి. ఏ రెండు ముక్కలు కలపాలన్నా రెండు వైపులా పాత ఫోర్కుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీయాలి. మధ్యలో మట్టి జావ పూయాలి. కాస్త తిప్పుతూ నొక్కి, అతుకు చుట్టూ వేలితో మట్టిని లాగి మూసేయాలి. ఒకసారి మీరు చేసి చూపించండి. తడిగా ఉన్నప్పుడు ఊరికే అంటించిన చేయి కూడా అతుక్కున్నట్టే కనిపిస్తుంది, ఆరాక రాలిపోతుంది.

ఇక్కడ ఆపించి, బొమ్మలన్నీ ఒక పక్కన ఫ్యాను గాలికి పెట్టండి. తలకు, చెవులకు దాచిన మట్టి మీద తడిగుడ్డ కప్పండి. చేతులు కడగడానికి రెండు బకెట్లు వరుసగా ఉంచండి, మొదటిది మట్టి వదిలించుకోవడానికి, రెండోది శుభ్రంగా కడుక్కోవడానికి. సింకు దగ్గరకు ఎవరినీ పోనివ్వకండి, గొట్టంలో చేరిన బంకమట్టి అక్కడే పేరుకుని దారి మూసేస్తుంది. చేతులు తుడుచుకుని ఆరాకే కాగితం ముట్టుకోవాలి.

గొడుగుకు చార్టు కాగితం మీద ఇరవై సెంటీమీటర్ల అడ్డుకొలతతో వృత్తం గీసి కత్తిరించాలి. సగానికి, మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచి విప్పితే ఎనిమిది భాగాలు వస్తాయి. ప్రతి మడతను గోటితో గట్టిగా రుద్దించండి, గొడుగుకు ఊచల్లా నిలిచేవి ఆ గీతలే. ఒక గీత వెంబడి నడిమి దాకా కత్తిరించి, ఒక భాగం పక్కదాని కిందికి జరిపి అంటిస్తే ఏడు భాగాల గొడుగు పైకి లేస్తుంది. చదునుగా ఉన్న కాగితం చేతిలో గొడుగై లేచే ఆ క్షణంలో పిల్లలందరూ ఒక్కసారిగా గొంతు విప్పుతారు. ఏటా అక్కడ కాసేపు పని ఆపి వాళ్లనే చూస్తాను.

అంచుకు రెండు వేళ్ల వెడల్పున గాలిపటం కాగితం పట్టీ చీలికలుగా కత్తిరించి, జాలరులా అంటించాలి. కాగితానికీ పోగు ఉంటుంది. ఒక దిక్కున సులువుగా వంగుతుంది, ఇంకో దిక్కున ఎదురు తిరుగుతుంది. సులువుగా వంగే దిక్కునే చీలికలు కత్తిరిస్తే తిన్నగా వేలాడతాయి. అంటించడానికి మైదా ఉడికించిన జిగురు చాలు. గోడ పోస్టర్ల జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లలున్న చోట కలపకండి, ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోండి. కొనను చిన్న రంధ్రం చేసి కొబ్బరి ఈనె దూర్చి, పైన జిగురు బొట్టు పెడితే గొడుగు సిద్ధం.

మళ్లీ మట్టి దగ్గరకు వస్తే, బొజ్జను వేలితో నొక్కితే ముద్ర పడాలి గాని లోపలికి దిగకూడదు. అప్పుడు తల అతికించండి. తొండం మొదట్లో లావుగా, చివరకు సన్నగా తాడు చేసి, బొజ్జకు ఆనుకునేలా వంచాలి. గాలిలో వేలాడే తొండం ఎవరు చేసినా విరుగుతుంది. చెవులకు చిన్న తమలపాకుల్లా తట్టిన బిళ్లలు. గొడుగు పుల్ల కోసం పీఠం వెనుక రంధ్రం ఇప్పుడే చేయాలి, మట్టి ముడుచుకుంటుంది కనుక పుల్ల కంటే కాస్త పెద్దదిగా.

కళ్లకు గురివింద గింజలు పెట్టడం పాత అలవాటు, అందంగా ఉంటాయి కూడా. కానీ గురివింద గింజ కొరికి మింగితే ప్రాణానికే ముప్పు. చిన్నపిల్లలున్న చోటికి అవి రాకూడదు. మిరియాలు పెట్టండి.

పిల్లల బొమ్మను మీ చేత్తో దిద్దకండి. నేను చాలాకాలం దిద్దాను, అందంగా వస్తే సంతోషిస్తారనుకున్నాను. ఒక బాబు ఇంటికి వెళ్లి "ఇది మాస్టారు చేసిన వినాయకుడు" అన్నాడట. ఆ మాట విన్నాక మానేశాను. ఎలా చేయాలో చూపించాల్సి వస్తే వేరే ముద్ద తీసుకుని దాని మీద చేస్తాను.

బొమ్మలను నీడలో, ఫ్యాను లేని చోట ఆరబెట్టమని పెద్దలకు చెప్పండి. మొదటి రెండు రోజులు పైన పలుచని గుడ్డ కప్పితే చెవులు ముందే ఎండి విడిపోవు. రంగు తేలిక పడ్డంత మాత్రాన ఆరినట్టు కాదు. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. రంగులకు పసుపు, కుంకుమ, జేగురు చాలు.

నిమజ్జనం ఇంట్లో బకెట్టులోనే. దాని గురించి పిల్లలకు ఒకటి చూపించండి. గోళీ అంత మట్టి ఉండలు రెండు చేసి, ఒకటి బాగా ఎండబెట్టి, ఇంకొకటి పచ్చిగానే ఉంచి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేయండి. ఎండినది బుడగలు వదులుతూ చూస్తూ ఉండగానే పొరలుగా విచ్చుకుంటుంది. పచ్చిది చాలాసేపు ఉండలాగే కూర్చుంటుంది. మూడో గ్లాసులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్క వేస్తే మరునాటికీ అలాగే ఉంటుంది. ఆ రకం విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఎందుకు చెప్పిందో ఆ మూడు గ్లాసులు చూస్తే తెలుస్తుంది.

మిగిలిన మట్టిని కూడా ఇలాగే పూర్తిగా ఎండబెట్టి, ఆ తరువాతే నానబెట్టండి, ఉండలు లేకుండా కరుగుతుంది. బకెట్లలో మట్టి అడుగున పేరుకున్నాక పై నీళ్లు మొక్కలకు పోసి, అడుగు మట్టిని గోనెసంచిలో కట్టి పెట్టుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తుంది.