చిన్న కేసులో వాటర్ కూలింగ్: వేడి సమస్యను సరిచేసిన విధానం

మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డుతో, నీటితో చల్లబరిచే ఏర్పాటుతో కట్టుకున్న నా గేమింగ్ కంప్యూటర్‌లో, ఆట మొదలైన కొద్ది క్షణాలకే ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలకు చేరి వేగం పడిపోయేది. చిన్న కేసు కాబట్టి నీటి వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ చాలడం లేదని అనుకోవడం సహజమే గాని, నీరు నిలవుండే రిజర్వాయర్‌లోని సెన్సర్ నీటి వేడిని 38 డిగ్రీలుగానే చూపుతున్నందున, వేడి అసలు నీటిలోకే చేరడం లేదని తేలింది. అన్నిటికన్నా ముందు చూడవలసింది ఈ తేడానేనని నా గట్టి నమ్మకం.

పంపు బాగానే తిరుగుతోంది. కేసును అటూ ఇటూ వంచినా గాలి బుడగలు రాలేదు. ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్టు మార్చినా ఫలితం లేదు. నీరంతా తీసేసి ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీటికి అందించే సీపీయూ బ్లాకును విప్పి చూస్తే, వెంట్రుకల్లాంటి సన్నని రాగి రెక్కల మధ్య తెల్లని జిగురు పేరుకుని ఉంది. మెత్తని పీవీసీ గొట్టాల్లోని ప్లాస్టిసైజర్ (గొట్టాన్ని మెత్తగా ఉంచే రసాయనం) క్రమంగా నీటిలోకి దిగి, ఇలాంటి ఇరుకు దారుల్లోనే పట్టేస్తుంది. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తని టూత్‌బ్రష్‌తో అడ్డంగా కాక రెక్కల వెంబడే రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. కొత్తగా ఈపీడీఎం రబ్బరు గొట్టాలు వేశాను. అవి నల్లగా ఉండటంతో లోపలి నీరు కనిపించదు గాని, ఈ జిగురు బెడద ఉండదు. బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే రాత్రంతా నడిపి, జాయింట్ల కింద పెట్టిన టిష్యూ కాగితాలు పొడిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే కంప్యూటర్ ఆన్ చేశాను. ఇప్పుడు అదే ఆటలో ప్రాసెసర్ 70 డిగ్రీలు దాటడం లేదు.