బైనాక్యులర్‌తో ఐరిస్: ఏటిగట్టు మీద మూడు రాత్రుల పని

అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే ఐరిస్ సుమారు 200 కిలోమీటర్ల రాతి గ్రహశకలం. 1847లో జాన్ రసెల్ హింద్ లండన్‌లో కనిపెట్టాడు. ఇంట్లో వాడే ఏ టెలిస్కోప్‌లోనైనా ఉత్త చుక్కే. నడకను బట్టే పోల్చుకోవాలి.

16, 17 నెలలకోసారి సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కుకి వస్తుంది. బాగా దగ్గరికొచ్చిన ఏడు 6.7 మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే మసక), 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెంచేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లది) చాలు, కాకపోతే స్టాండు తప్పనిసరి. దూరంగా ఉన్న ఏడు 9 దాటుతుంది. అప్పుడు 10×50తో కుస్తీ పట్టొద్దు, 4 అంగుళాల టెలిస్కోప్ తీయండి.

పౌర్ణమి వద్దు. ఆ చంద్రుడూ సూర్యుడికి ఎదురుగానే ఉంటాడు, అంటే ఐరిస్ పక్కనే. బహుళ అష్టమి దాటాక మొదలుపెట్టండి. కొబ్బరితోటలో నిలబడితే మట్టలే కనిపిస్తాయి. గోదావరి గట్టెక్కి, రొయ్యల చెరువుల లైట్లకు వీపు పెట్టండి.

ఆకాశ పటం చూపే కంప్యూటర్ ప్రోగ్రాం స్టెల్లేరియంలో సోలార్ సిస్టమ్ ఎడిటర్ ద్వారా కక్ష్య వివరాలు కొత్తవి దించుకోండి. అచ్చు పటం వాడితే ఒక చిక్కుంది: తేదీ గుర్తులు సాధారణంగా 0 గంటల యూటీకి (గ్రీనిచ్ సమయానికి) వేస్తారు, అంటే మనకు తెల్లవారి 5:30. 12వ తేదీ రాత్రి 9కి చూస్తే ఐరిస్ 12, 13 గుర్తుల మధ్య, కాస్త 13 వైపే ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

పుస్తకంలో 10 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రం గీసి, బైనాక్యులర్‌లో కనిపించే ఆరున్నర డిగ్రీల మేర అందులో దింపండి. ముందు పెద్ద చుక్కలు అయిదారు, తర్వాత పటం చెప్పిన చోటి మసక చుక్కలన్నీ. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఎదురుదిక్కులో ఉన్న రోజుల్లో ఐరిస్ రోజుకి పావు డిగ్రీ, అంటే మీ గుండ్రంలో 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఒక్కరోజు తేడా చేతి వణుకులో కలిసిపోతుంది. మూడో రాత్రికి 8 మిల్లీమీటర్లు, ఇక అనుమానం ఉండదు. మధ్యలో మబ్బు పట్టినా నష్టం లేదు. నెలన్నర ముందో వెనకో చూస్తే మాత్రం దాదాపు ఆగిపోయినట్టుంటుంది.

మార్గశిర, పుష్యాల్లో రాత్రి పదయ్యేసరికి అద్దాలు చెమరుస్తాయి. తువ్వాలుతో తుడిస్తే దుమ్ము గీతలు పెడుతుంది. నల్ల చార్టు కాగితం గొట్టంలా చుట్టి, అద్దం ముందుకు 8 సెంటీమీటర్లు వచ్చేలా తొడగండి. ఇంటికొచ్చాక తడితో సంచీలో పెట్టకండి. ఫ్యాను కింద ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూయండి. మన తేమకి అద్దం లోపల సాలెగూడు పోగుల్లా బూజు పాకితే విప్పించక తప్పదు.