రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదా? మోటారు మార్చే ముందు ఇవి చూడండి

బండి పరిగెడుతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉండి, సిగ్నల్ దగ్గర ఆగిన రెండు మూడు నిమిషాలకే పైకి లేస్తోందంటే ముందు ఫ్యాన్‌నే అనుమానించాలి. హైవే మీద కూడా వేడెక్కుతుంటే అది వేరే కథ, అప్పుడు థర్మోస్టాట్, వాటర్ పంపు, పూడుకుపోయిన రేడియేటర్ చూసుకోవాలి.

నా పాత కార్బొరేటర్ కారు మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో ఇలాగే మొండికేసింది. మోటారు పోయిందన్నారు, మార్చాను, వారం తిరక్కుండా మళ్లీ అదే. తీరా చూస్తే రిలే (చిన్న కరెంటుతో ఫ్యాన్ పెద్ద కరెంటుని కలిపే డబ్బాలాంటి స్విచ్) సాకెట్‌లో బ్యాటరీ కరెంటు వచ్చే 30వ పిన్ చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకి తిరిగింది, పిన్ను పట్టు వదిలేసి లొడలొడలాడుతోంది. మోటారు డబ్బులు దండగ.

అందుకే వరస తప్పకుండా చూడండి. ఇంజన్ చల్లారాక కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే రేడియేటర్ ద్రవం) ఎంతుందో చూడాలి. అది తగ్గి, దాని వేడి కొలిచే సెన్సర్ దగ్గర గాలి చేరితే దానికి వేడి తెలియదు, ఫ్యాన్‌కి కబురు వెళ్లదు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి.

తర్వాత ఫ్యూజ్. అది బాగుంటే రిలే పీకి, సాకెట్‌లో 30, 87 (ఫ్యాన్‌కి కరెంటు వెళ్లే పిన్) పిన్నులని ఫ్యూజ్ ఉన్న లావు వైరుతో కలపండి, చేతులు రెక్కలకి దూరంగా పెట్టుకుని. ఫ్యాన్ తిరిగిందా? అయితే మోటారు, దాని ఎర్త్ (బాడీకి బిగించే నెగెటివ్ వైరు), మెయిన్ వైరు అన్నీ మంచివే, తప్పు రిలేది, లేదా దానికి ఆర్డర్ ఇచ్చే వైపుది. పాత బండ్లలో ఆ ఆర్డర్ థర్మో స్విచ్ (కూలెంట్ వేడెక్కితే తనే ఆన్ అయ్యేది) ఇస్తుంది, స్విచ్‌కి రెండు వైర్లుంటే కీ ఆన్‌లో పెట్టి వాటిని కలిపి చూడండి, ఒకటే ఉంటే బాడీకి తాకించండి, ఫ్యాన్ తిరిగితే స్విచ్ మార్చేయడమే. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఉన్న బండ్లలో సెన్సర్ వైర్లు ఇలా కలపొద్దు. ఇంజన్ నడుస్తుండగా కూలెంట్ సెన్సర్ కనెక్టర్ పీకితే చాలా బండ్లలో ఈసీయూ జాగ్రత్త కోసం ఫ్యాన్ తిప్పేస్తుంది, కాకపోతే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

రిలే దగ్గర కలిపినా తిరగలేదంటే మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పుడు తిరిగితే మధ్యలో వైరో ఎర్తో పోయింది. ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. చేత్తో తడితేనే కదిలేదైతే మోటారు లోపలి బ్రష్‌లు (కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగినట్టే.

నెమ్మదిగా తిరుగుతోందా? ఫ్యాన్ ఆన్‌లో ఉండగా కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు చూపించి ఇక్కడ 11 దాకా పడిపోతే, ఆ వోల్టేజంతా ఎక్కడో లూజ్ కాంటాక్ట్ దగ్గర వేడిగా ఖర్చైపోతోంది, అక్కడ చెయ్యి పెడితే తెలిసిపోతుంది.

డాష్‌బోర్డులో చిన్న స్విచ్ పెట్టి ఫ్యాన్ నడిపించే అలవాటు ఒకటుంది మనవాళ్లకి. స్విచ్ పెట్టుకోండి, కాదనను, కానీ అది రిలే కాయిల్‌ని, అంటే 85, 86 పిన్నుల్ని మాత్రమే నడపాలి. ఫ్యాన్ కరెంటంతా ఆ బుల్లి స్విచ్ గుండా పంపితే అది కరిగిపోతుంది.

కొత్త మోటారు బిగించాక ఓ పని చేయండి. గ్రిల్ ముందు కాగితం పట్టుకోండి. అతుక్కుంటే సరే, మీ మీదకి ఎగిరితే మాత్రం రెండు వైర్లూ తారుమారయ్యాయి.